సర్కిల్‌గా మిగిలిన పట్టణం

2007 ఏప్రిల్ 16న ఎల్బీనగర్ పురపాలక సంఘం కన్నుమూసింది. అదే రోజు గడ్డిఅన్నారం పురపాలక సంఘమూ పోయింది. హైదరాబాద్ నగరపాలక సంస్థకు చుట్టూ ఉన్న 12 పట్టణాలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ అని పేరు పెట్టారు. 170 చదరపు కిలోమీటర్ల చిల్లర ఉన్న నగరం ఒక్క ఉత్తర్వుతో 625 దాటింది. పుట్టిన మహానగరం పేరు లోకమంతటికీ తెలుసు. పోయిన పట్టణాల పేర్లు కూడా ఒక్కసారైనా వరసగా పలకాలి: ఎల్బీనగర్, గడ్డిఅన్నారం, ఉప్పల్ కలాన్, కాప్రా, మల్కాజిగిరి, అల్వాల్, కుత్బుల్లాపూర్, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, రాజేంద్రనగర్, రామచంద్రాపురం, పటాన్‌చెరు.

ప్రాజెక్టు కింద ఊరు మునిగితే ఏడ్చేవాళ్ళుంటారు. గుడి మునుగుతుంది, బొడ్రాయి మునుగుతుంది, పెద్దల సమాధులు మునుగుతాయి. పురపాలక సంఘం పోతే అలాంటివేవీ కళ్ళబడవు. ఇల్లు ఉన్నచోటే ఉంటుంది, పన్ను బిల్లు వస్తూనే ఉంటుంది, ఆఫీసు గోడమీద బోర్డు మాత్రం మారుతుంది. మన మోరీ గురించి, మన నల్లా గురించి, మన చెరువు గురించి తీర్మానం చేసే హక్కు మనం ఎన్నుకున్న మనుషుల చేతిలోంచి జారిపోయిందని తెలియడానికి ఏళ్ళు పడుతుంది. అలా తెలిసేసరికి ఏడవాల్సిన రోజు దాటిపోయింది. అందుకే ఆ పోయినదాని కథ ఇప్పుడైనా చెప్పుకోవాలనిపిస్తుంది.

ఎల్బీనగర్ ఉన్న ఈ పట్టు నిన్న మొన్నటిది కాదు. చైతన్యపురిలో, మూసీ ఒడ్డున, కొసగుండ్ల నరసింహస్వామి గుడి ఉన్న గుట్ట మీద విష్ణుకుండినుల కాలపు ప్రాకృత శాసనం ఉంది. గోవిందరాజ విహారమనే బౌద్ధారామం ఒకటి అక్కడ ఉండేదని అది చెబుతుంది. హయత్‌నగర్‌కు పేరు గోల్కొండ రాజమాత హయాత్ బక్షీ బేగంది. సరూర్‌నగర్ పేరు నిజాం దివాను అరస్తుజా ఇంటి ఇల్లాలు సురూర్ అఫ్జా బాయిది. ఈ ఊళ్ళన్నీ చెరువుల కింద బతికాయి. మన్సూరాబాద్ పెద్దచెరువు, చిన్నచెరువు, బండ్లగూడ చెరువు, సరూర్‌నగర్ చెరువు, వాటి మధ్య చిన్నాచితకా కుంటలు. ఒకదాని అలుగు పారితే కిందిదానికి నీరు చేరేది, చివరికి అంతా మూసీలో కలిసేది. నీటి దారి ఎటో ఊళ్ళో చిన్నపిల్లవాడికి కూడా తెలిసిన కాలమది.

దిల్‌సుఖ్‌నగర్ కథ వేరు. దిల్‌సుఖ్‌రాం పర్షాద్ అనే భూస్వామి మలక్‌పేట వైపు తన సాగుభూమిని ఇళ్ళ స్థలాలుగా విడగొట్టి అమ్మితే ఆయన పేరే ఆ చోటికి నిలిచింది. తర్వాత యాభై ఏళ్ళు విజయవాడ దారి పొడవునా జరిగినదంతా ఆ మొదటి పనికి కొనసాగింపే.  నల్గొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి బస్సెక్కినవాళ్ళకు పట్నం మొదట తగిలేది ఇక్కడే. దిగిన చోటే అద్దెకున్నారు, తర్వాత కొంచెం అవతల వంద గజాలో నూట యాభై గజాలో కొనుక్కున్నారు. పొలాలు ప్లాట్లయ్యాయి. గ్రామపంచాయతీ లేఅవుట్ అనే మాట ఈ పట్టులో పెళ్ళి సంబంధాల దాకా వెళ్ళింది. సర్పంచి సంతకం, పంచాయతీ ముద్ర ఉన్న కాగితం ఉంటే చాలు, గుమాస్తా జీతగాడు కూడా ఇంటివాడయ్యేవాడు. ఆ సంతకాల వల్ల లక్షల మందికి నీడ దొరికింది. వాటిని తిట్టడం సులభం. ఆ నీడలో పెరిగి చదువుకున్న పిల్లలను ఎరిగినవాళ్ళకు అంత సులభం కాదు.

1980ల్లో ఈ ఊళ్ళు పురపాలక సంఘాలయ్యాయి. జాతీయ రహదారి మీది చౌరస్తాకు లాల్ బహదూర్ శాస్త్రి పేరుండేది, పట్టణానికీ అదే పేరొచ్చింది. 1991 జనగణన నాటికి ఎల్బీనగర్ పురపాలికలో లక్షన్నర మంది. పదేళ్ళు తిరిగేసరికి 2 లక్షల 60 వేలు దాటారు. గడ్డిఅన్నారం చిన్నది, 2001లో 53 వేల పైచిలుకు. ఈ మధ్యలోనే, 1993 జూన్ 1న, 74వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. పట్టణ ప్రణాళిక, నీరు, పారిశుద్ధ్యం, మురికివాడలు, పార్కులు, శ్మశానాలు, మొత్తం 18 పనులు పట్టణ సంస్థల చేతుల్లో ఉండాలని పన్నెండో షెడ్యూలు జాబితా ఇచ్చింది. అయిదేళ్ళకొకసారి ఎన్నిక తప్పనిసరి చేసింది. ఢిల్లీలో రాసిన ఆ మాటలు నిజం కావడానికి ఎల్బీనగర్ లాంటి పెరిగే పట్టణం కంటే తగిన చోటు ఏముంటుంది?

కౌన్సిలర్ అంటే ఎవరో తెలిసిన కాలమది. పక్క వీధిలో ఉంటాడు. పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం లుంగీలో బయటికొస్తే నలుగురు చుట్టుముడతారు. "అన్నా, మా లైనుల లైట్లు లేక పది దినాలాయె." "సారు, మోరీ పొంగుతుంది, పిల్లలు బడికి ఎట్ల పోవాలె?" అతడు చేయగలిగింది చేస్తాడు, చేయలేనిదానికి ముఖం చాటేస్తాడు, కానీ ఎంతకాలం చాటేస్తాడు? ఆ వీధిలోనే బతకాలి, మళ్ళీ ఆ వీధిలోనే ఓటడగాలి. కాలనీ సంక్షేమ సంఘాల అధ్యక్షులు, కౌన్సిలర్లు, చైర్మన్, కమిషనర్ అందరూ ఒకరికొకరు ముఖపరిచయస్తులు. అవినీతి లేదని ఎవరూ అనరు. కానీ అవినీతి చేసినవాడి ఇల్లు ఎక్కడో జనానికి తెలుసు. నాయకత్వమనే పెద్దమాటకు ఈ పట్టులో ఉన్న అర్థం ఇదే, అడిగేవాడికీ జవాబు చెప్పేవాడికీ మధ్య నడిచి వెళ్ళగలిగినంత దూరం.

ఇక పతనానికి బీజం బయటినుంచి రాలేదు. పురపాలిక లోపలే పడింది. ఆదాయం కావాలి. ఆస్తిపన్ను చాలదు, ప్రభుత్వ గ్రాంటు సమయానికి రాదు. ఎదిగే పట్టణంలో చేతికి తొందరగా అందే డబ్బు ఇంటి అనుమతుల ఫీజు, లేఅవుట్ల ఫీజు, అంటే భూమి మీది డబ్బు. విత్తనపు వడ్లు దంచుకుని గంజి కాచుకున్న ఇంటిలా, పట్టణం తన భవిష్యత్తుకు కావాల్సిన ఖాళీ నేలనే రోజు ఖర్చుకు వాడుకుంది. శిఖం భూముల్లో గోడలు లేచాయి. అలుగు దిగువ కాలువ ఎనిమిది గజాలున్నచోట నాలుగైంది, నాలుగున్నచోట మోరీ అయింది. ఒక్కొక్క ఇంటి దగ్గర ఒక్కొక్క మినహాయింపు. ఎవరూ చెరువును చంపాలని సంతకం పెట్టలేదు. సంతకాలన్నీ కలిసి ఆ పని చేశాయి. పంచాయతీ కాలంలో మొదలైంది, పురపాలిక కాలంలో పెరిగింది, దాన్ని అడ్డుకోగల రెవెన్యూ, నీటిపారుదల, నగరాభివృద్ధి శాఖలు చూస్తూ ఉండిపోయాయి. సరూర్‌నగర్ చెరువు దాదాపు 99 ఎకరాలతో మిగిలింది. 2003-04లో దానికి మరమ్మతు చేయించింది హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ. చెరువు ఒడ్డునే ఉన్న పట్టణానికి తన చెరువును తాను బాగుచేసుకునే స్తోమత లేకపోయింది.

నీళ్ళ కథ ఇంకా బాధాకరం. నాగార్జునసాగర్ వెనుక నుంచి హైదరాబాద్‌కు కృష్ణా నీళ్ళు మొదటి దశలో 2004లో వచ్చాయి. రోజుకు 90 మిలియన్ గ్యాలన్లు, మన లెక్కలో సుమారు 41 కోట్ల లీటర్లు. ఆ నీరు మొదట చేరేది ఎక్కడికి? వనస్థలిపురం పక్కన సాహెబ్‌నగర్ రిజర్వాయర్‌కు. అంటే కృష్ణమ్మ ఎల్బీనగర్ గడపలోంచే నగరంలోకి అడుగుపెట్టింది. ఆ గడప చుట్టూ కాలనీల్లో మాత్రం బోర్లు, ట్యాంకర్ల కోసం బారులు తీరిన ప్లాస్టిక్ డ్రమ్ములు. జలమండలి నీటిని టోకున ఇస్తుంది, పంచుకునే పైపులు పురపాలిక వేసుకోవాలి. పైపులకు డబ్బు లేదు. జనం ఏమనుకున్నారు? "గీ మునిసిపాలిటీతోని కాదు, సిటీల కలిస్తేనే నీళ్ళొస్తయి." విలీనానికి ఈ పట్టులో పెద్ద తిరుగుబాటు లేకపోవడానికి దాహమే కారణమని నా నమ్మకం.

విలీనం కోరినవాళ్ళ వాదనలో బలం లేకపోలేదు. రోడ్డు ఎల్బీనగర్ సరిహద్దు దగ్గర ఆగదు, మురుగునీరు పురపాలక చట్టం చదవదు. మూసీకి వెళ్ళే నాలా నాలుగు పట్టణాలు దాటుతుంటే నాలుగు ఆఫీసుల మధ్య ఫైలు నలగడం కంటే ఒక్క సంస్థ ఉండటం మేలు. ఇదంతా నిజం. దానికి నగరస్థాయి పనులు చూసే పెద్ద సంస్థ పైన, వీధి పనులు చూసే పట్టణసభ కింద, రెండూ ఉండొచ్చు. పైది కట్టారు. కిందిది కూల్చారు.

కూల్చిన వెంటనే ఎన్నికలైనా పెట్టలేదు. రద్దయిన పట్టణ సంస్థకు ఆరు నెలల్లో ఎన్నిక జరగాలన్నది రాజ్యాంగం 243-యు అధికరణం స్ఫూర్తి. గ్రేటర్‌కు తొలి ఎన్నిక 2009 నవంబర్ 23న జరిగింది. 31 నెలలు ప్రత్యేకాధికారి పాలన. ఆ 31 నెలల్లో ఎల్బీనగర్ వాసికి నగర పాలనలో ఒక్క ప్రతినిధి లేడు. ఎన్నిక జరిగి వారం తిరగకుండానే, నవంబర్ 29న, ఎల్బీనగర్ చౌరస్తాలో శ్రీకాంతాచారి తెలంగాణ కోసం ఒంటికి నిప్పంటించుకున్నాడు. డిసెంబర్ 3న ప్రాణం విడిచాడు. మర్నాడు, డిసెంబర్ 4న, బండ కార్తీకరెడ్డి గ్రేటర్ తొలి మేయర్ అయ్యారు. మన ఊరిని మనమే ఏలుకోవాలన్న మాట కోసం ఒక యువకుడు కాలిపోయిన చౌరస్తా అది. ఆ చౌరస్తా పేరు మోసిన పట్టణానికి అప్పటికి రెండున్నరేళ్ళుగా సొంత పాలన లేదు. ఈ రెండు సంగతులను పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

కొత్త సంస్థలో 150 డివిజన్లు. 2011 జనగణనలో గ్రేటర్ జనాభా 67 లక్షల పైచిలుకు, అంటే కార్పొరేటర్ ఒక్కరికి సగటున 45 వేల మంది. ఒకప్పుడు గడ్డిఅన్నారంలో 53 వేల మందికి ఒక చైర్మన్, ఒక కౌన్సిల్, ఒక బడ్జెట్, ఒక ఆఫీసు ఉండేవి. విలీనం తర్వాత ఇంచుమించు అంతమందికి ఒక్క మనిషి. ఆ మనిషి కూర్చునేది ట్యాంక్‌బండ్ దగ్గరి ప్రధాన కార్యాలయంలో, నూట యాభైమందిలో ఒకడిగా. ఎల్బీనగర్ ఒక సర్కిల్ అయింది, సర్కిల్‌కు డిప్యూటీ కమిషనర్ ఉంటారు, ఆయన బదిలీ మీద వస్తారు, బదిలీ మీద పోతారు. పొద్దున్నే పాల ప్యాకెట్ దగ్గర ఆయన దొరకరు.

ఊరి సభ పోతే ఏం మిగులుతుందో చెప్పడానికి దూరదేశంలో ఒక ఉదాహరణ ఉంది. పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో 2006లో దేశమంతటినీ 351 కమ్యూన్లుగా చేసి ఎన్నికలు పెట్టారు. వాటిలో 302 పల్లెటూళ్ళవే. బావి ఎక్కడ తవ్వాలి, బడి ఎక్కడ కట్టాలి అనేది ఊళ్ళోవాళ్ళే ఎన్నుకున్న మేయర్ చేతికి మొదటిసారి వచ్చింది. 2022లో సైన్యం అధికారం లాక్కుని ఆ సభలన్నిటినీ రద్దుచేసి ప్రత్యేక ప్రతినిధి బృందాలను కూర్చోబెట్టింది. అక్కడ తుపాకులు చేసిన పని ఇక్కడ శాంతంగా, పద్ధతిగా, గెజిట్‌లో అచ్చై జరిగింది. జనానికి మిగిలింది మాత్రం ఒకటే, ఎన్నుకోని అధికారి.

మరి నీళ్ళొచ్చాయా? వచ్చాయి, ఆలస్యంగా. శివారు సర్కిళ్ళకు తాగునీటి పైపులు, రిజర్వాయర్ల కోసం హడ్కో రుణంతో 1,900 కోట్ల రూపాయల పథకం చేపట్టింది 2016 ప్రాంతంలో. విలీనమై అప్పటికి తొమ్మిదేళ్ళు. 2018 సెప్టెంబర్ 24న ఎల్బీనగర్ మెట్రో మొదలైంది, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ స్టేషన్లు వచ్చాయి, చౌరస్తాల్లో ఫ్లైఓవర్లు, అండర్‌పాసులు లేచాయి. అభివృద్ధి జరగలేదని అంటే అబద్ధమవుతుంది. అది పైనుంచి దిగింది. ఏ వీధికి ఏది ముందు కావాలో అడిగే చోటు మాత్రం ఇక్కడ లేదు. 2014 డిసెంబర్‌లో మొదటి పాలకమండలి గడువు ముగిస్తే 2016 ఫిబ్రవరి 2 దాకా మళ్ళీ ఎన్నిక లేదు, మళ్ళీ ప్రత్యేకాధికారే.

2020 సెప్టెంబర్‌లో స్కూటీ మీద ఇంటికి వెళ్తున్న ఒక మనిషిని వాన నీటి ఉధృతి సరూర్‌నగర్ చెరువులోకి లాక్కుపోయింది. అది హెచ్చరిక. అక్టోబర్ 13 రాత్రి కుండపోతగా కురిసింది. ఘట్‌కేసర్ వైపు ముప్ఫై సెంటీమీటర్లు దాటింది. పాత అలుగులకు తమ దారి గుర్తుంది. మన్సూరాబాద్ నుంచి, బండ్లగూడ నుంచి, సరూర్‌నగర్ నుంచి నీళ్ళు ఎప్పటి దారినే బయల్దేరాయి, ఆ దారిలో ఇళ్ళున్నాయి. కింది అంతస్తులు మునిగాయి. రోజుల తరబడి కరెంటు లేదు, తాగే నీళ్ళు లేవు, నడుముల్లోతు నీళ్ళలో పడవల మీద ముసలివాళ్ళను తెచ్చారు. ఏ కాలువ ఎక్కడ ఎంత వెడల్పుండేదో ఎరిగిన పాత పంచాయతీ మనుషులు ఉన్నారు, కానీ వాళ్ళను అడిగే వ్యవస్థ లేదు. తర్వాత పదివేల రూపాయల సాయం ప్రకటించారు. మీసేవా కేంద్రాల ముందు వరసల్లో ఆడవాళ్ళు చంటిపిల్లలతో నిలబడ్డారు. ఒకప్పుడు వీధి చివర కౌన్సిలర్‌తో చెప్పుకునే కష్టాన్ని కంప్యూటర్ తెరకు చెప్పుకోవాల్సి వచ్చింది.

డిసెంబర్ 1న ఓటు. ఎల్బీనగర్ శాసనసభ నియోజకవర్గంలోని 11 డివిజన్లూ భారతీయ జనతా పార్టీ గెలిచింది. దానికి రాజకీయ కారణాలు చాలా చెప్పొచ్చు. నాకు అందులో నీట మునిగిన మనుషుల కోపం కూడా కనబడుతుంది. లింగోజిగూడలో గెలిచిన అభ్యర్థి ప్రమాణం చేయకముందే మరణించారు, 2021లో ఉప ఎన్నిక జరిగితే కాంగ్రెస్ గెలిచింది. జనం ఎవరినైనా పంపారు, ఎటైనా మొగ్గారు. ఎవరిని పంపినా ఆ ఒక్కరి చేతిలో బడ్జెట్ లేదు, ఇంజనీర్ లేడు, తీర్మానం లేదు. 2023 జూన్ 16న వార్డు కార్యాలయాలు తెరిచి, వార్డుకు ఒక అధికారుల బృందాన్ని వేశారు. మంచి ఆలోచనే. ఆ కార్యాలయంలో కూర్చున్న అందరూ ఉద్యోగులే. వీధి తరఫున ఓటు ఉన్నవాళ్ళు లేరు.

కొత్తపేట పండ్ల మార్కెట్ సంగతి చెప్పకుండా ఉండలేను. గడ్డిఅన్నారం మార్కెట్ అని రాష్ట్రమంతా పిలిచేవారు. ఏప్రిల్ వస్తే మామిడి వాసన దిల్‌సుఖ్‌నగర్ దాకా వచ్చేది. నల్గొండ బత్తాయి, కొల్లాపూర్ మామిడి, నాగపూర్ నారింజ లారీల్లో దిగేవి. హమాలీలు, తోపుడుబండ్లవాళ్ళు, పండ్ల బుట్టలు అల్లేవాళ్ళు, టీకొట్లవాళ్ళు, ఎందరి పొయ్యి దానివల్ల వెలిగిందో. 2021లో దాన్ని ఔటర్ రింగ్ రోడ్డు అవతల బాటసింగారానికి తరలించారు. ఆ స్థలంలో పెద్దాసుపత్రి కోసం 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. ఆసుపత్రి కావాలి, దాన్ని ఎవరూ కాదనరు. కానీ తన పేరు మోసిన మార్కెట్ ఉండాలా పోవాలా అన్న చర్చ జరగాల్సిన పట్టణసభ గడ్డిఅన్నారానికి అప్పటికి 14 ఏళ్ళుగా లేదు. హమాలీలు ఎవరి ముందు మొరపెట్టుకోవాలో తెలియక రోడ్డు మీద కూర్చున్నారు.

2024 సెప్టెంబర్‌లో మూసీ ప్రక్షాళన పేరుతో నది ఒడ్డు ఇళ్ళ గోడల మీద ఎర్ర రంగుతో, నదిలో ఉన్న ఇల్లనే గుర్తుగా, ఆర్‌బీ-ఎక్స్ అని రాశారు. చైతన్యపురి, కొత్తపేట పక్క కాలనీల్లో జనం వీధుల్లోకి వచ్చారు. పట్టాలున్నాయి, రిజిస్ట్రేషన్ కాగితాలున్నాయి, ఆస్తిపన్ను రసీదులున్నాయి, కరెంటు బిల్లులున్నాయి. ఇన్నేళ్ళు పన్ను కట్టించుకున్న ప్రభుత్వం ఇప్పుడు నదిలో కట్టారంటే ఆ ఇంటివాళ్ళు ఏం చెప్పాలి? ఒకనాడు అనుమతి ఇచ్చిన పంచాయతీ లేదు, పురపాలిక లేదు. తప్పు చేసినవాళ్ళ సంస్థ చచ్చిపోయింది, తప్పు మాత్రం బతికి ఉన్నవాళ్ళ గోడ మీదికొచ్చింది. ఎల్బీనగర్ పురపాలిక పతనంలో నాకు అన్నిటికంటే భారమనిపించేది ఇదే. జవాబు చెప్పాల్సిన సంస్థను తీసేస్తే అది చేసిన తప్పులు మాఫీ కావు, వాటికి జవాబుదారు లేకుండా పోతాడు.

ఎల్బీనగర్ అవతల అదే కథ రెండోసారి నడిచింది. సిటీలో స్థలం కొనలేనివాళ్ళు మీర్‌పేట, బడంగ్‌పేట, తుర్కయంజాల్, పెద్దఅంబర్‌పేట వైపు జరిగారు. అక్కడా గ్రామపంచాయతీ లేఅవుట్లే, అక్కడా చెరువుల్లోకి జరిగిన గోడలే, అక్కడా ట్యాంకర్లే. తర్వాత అవి మునిసిపాలిటీలు, కార్పొరేషన్లు అయ్యాయి. 2020 జనవరిలో ఎన్నికలు జరిగి, కొత్తగా కౌన్సిలర్లు, కార్పొరేటర్లు, మేయర్లు వచ్చారు. అయిదేళ్ళకు, 2025 జనవరిలో, వాళ్ళ గడువు ముగిసింది. మళ్ళీ ఎన్నికలు జరగలేదు, ప్రత్యేకాధికారులు వచ్చారు. నవంబర్ 25న రాష్ట్ర మంత్రివర్గం ఔటర్ చుట్టూ ఉన్న 27 పట్టణ సంస్థలను గ్రేటర్‌లో కలపాలని నిర్ణయించింది. డిసెంబర్‌లో ఆ పని పూర్తయింది. ఆ నాలుగు పట్టణాలూ ఆ జాబితాలో ఉన్నాయి. అప్పటికి గ్రేటర్ పాలకమండలికి మిగిలిన గడువు 2026 ఫిబ్రవరి 10 వరకే.

మీర్‌పేటలో ఇప్పుడు మోరీ పొంగితే ఫోన్ చేయడానికి ఒక నంబర్ ఉంది. ఎల్బీనగర్‌కు విలీనం తర్వాత ఒక ప్రతినిధి దొరకడానికి 31 నెలలు పట్టింది. మీర్‌పేటవాళ్ళు విలీనం నాటికే దాదాపు ఏడాదిగా ప్రతినిధి లేకుండా ఉన్నారు.